క్రిస్టీన్ లిండేకి ఒక బడి

నా పీహెచ్‌డీ వైవా జరిగిన రోజున మా పెద్దమ్మ డిపార్ట్‌మెంట్ బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. "మీ చదువుకున్నవాళ్ళ మధ్య నేనెందుకే" అంది. అంతా అయ్యాక, స్వీట్లు పంచాక, ఆటోలో ఇంటికి వస్తూ ఇంతకీ నువ్వు దేని మీద రాశావో చెప్పమంది. ఇబ్సెన్ 'డాల్స్ హౌస్' కథ చెప్పాను. భర్త ప్రాణం కోసం నోరా దొంగ సంతకం పెట్టి అప్పు చేయడం, అది బయటపడ్డాక ఆ భర్త అసలు రంగు తెలియడం, చివరికి ఆమె తలుపు వేసి వెళ్ళిపోవడం, ఆ చప్పుడు యూరప్ అంతా వినిపించడం, అన్నీ చెప్పాను. పెద్దమ్మ శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేసింది.

"తలుపేసుకుని వెళ్ళిపోయింది, బాగానే ఉంది. మర్నాడు పొద్దున్న లేచి ఏం పని చేసుకుని బతికిందే?"

నేను నవ్వేశాను. నాటకం అక్కడితో అయిపోతుంది పెద్దమ్మా అన్నాను. ఐదేళ్ళు చేసిన పరిశోధనలో ఆ ప్రశ్నకి ఒక్క పేజీ కూడా లేదని అప్పటికి నాకు తోచలేదు.

మా పెద్దమ్మ నర్సు. తాతయ్య పోయినప్పుడు ఆమెకి పదిహేడేళ్ళు. వెనక ఇద్దరు చెల్లెళ్ళు, ఒక తమ్ముడు. నర్సింగ్ ట్రైనింగ్‌లో చేరితే నెలనెలా స్టైపెండ్ వస్తుందని ఎవరో చెప్పారు. చేరింది. ఆ స్టైపెండ్‌లోంచి సగం మనియార్డరు చేసేది. ఆ సగంతోనే మా అమ్మ డిగ్రీ చదివింది. మా అమ్మ డిగ్రీ చదివింది కాబట్టే నేను పీహెచ్‌డీ దాకా వచ్చాను. ఇంత స్పష్టంగా కనిపించే లెక్కని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి చెప్పలేదు. పెద్దమ్మ గురించి అడిగితే "ఆస్పత్రిలో ఉద్యోగం" అనేవాళ్ళు. నర్సు అనేవాళ్ళు కాదు. నాకు సంబంధాలు చూసే రోజుల్లో మధ్యవర్తి "ఆ సంగతి వాళ్ళ దగ్గర ఎత్తకండి" అన్నాడు. పక్కగదిలో ఉన్న నేను విన్నాను, ఊరుకున్నాను. ఇది ఇన్నాళ్ళకి రాస్తున్నాను.

వైవా తర్వాత ఆ నాటకాన్ని మళ్ళీ చదివాను. ఈసారి నోరా కోసం కాదు, ఆమె పాత స్నేహితురాలు క్రిస్టీన్ లిండే కోసం. మొదటి అంకంలోనే వస్తుంది లిండే. మంచాన పడిన తల్లి, ఇద్దరు చిన్న తమ్ముళ్ళు ఉండటంతో, ప్రేమించినవాణ్ణి కాదని డబ్బున్నవాణ్ణి పెళ్ళి చేసుకుంటుంది. అతను పోతాడు, చిల్లిగవ్వ మిగలదు. కొన్నాళ్ళు చిన్న దుకాణం నడుపుతుంది, కొన్నాళ్ళు చిన్న బడి నడుపుతుంది. తల్లి పోయాక, తమ్ముళ్ళు చేతికందాక, ఇప్పుడు తన కోసం ఒక ఉద్యోగం వెతుక్కుంటూ నోరా ఇంటికి వస్తుంది. నా సిద్ధాంత గ్రంథంలో ఆమె గురించి రెండు పేరాలున్నాయి. 'నోరాకి భిన్నమైన పాత్ర' అని రాసి వదిలేశాను. మా పెద్దమ్మ కథ ఆ పేజీల్లో ఉందని కూడా గుర్తుపట్టలేదు.

ఆ నాటకంలో ఇంకో స్త్రీ కూడా ఉంది. ఆనె-మారీ, నోరాని పెంచిన ఆయా. ఆ ఇంట్లో చేరడానికి తన సొంత కూతుర్ని పరాయివాళ్ళకి ఇచ్చేసి వచ్చింది. ఆ కూతురు ఆమెకి జీవితంలో రెండుసార్లు ఉత్తరం రాసిందట. నోరా బయటికి నడవగలగడానికి ఒక కారణం, పిల్లల్ని ఆనె-మారీ చూసుకుంటుందన్న ధైర్యం. ముగ్గురు స్త్రీలున్న నాటకాన్ని మనం ఒక్క స్త్రీ నాటకంగా చదువుకున్నాం.

ఇక పెద్దమ్మ ప్రశ్నకి వస్తాను. 1879 డిసెంబరు 21న ఈ నాటకాన్ని కోపెన్‌హాగన్‌లో మొదటిసారి ఆడారు. అప్పటి నార్వేలో ఒక స్త్రీ ఇల్లు వదిలితే బతుకుతెరువు ఏమిటి? చట్టం ఏమంటోంది? 1863లో నార్వే పెళ్ళికాని స్త్రీలకి, 25 ఏళ్ళు దాటితే, తమ వ్యవహారాలు తామే చూసుకునే హక్కు ఇచ్చింది. 1866లో వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ వచ్చింది. పెళ్ళైన స్త్రీకి మాత్రం ఆ హోదా 1888 దాకా రాలేదు. అందుకే నోరా దొంగ సంతకం పెట్టాల్సి వచ్చింది. అందుకే భర్త పోయిన లిండే దుకాణం పెట్టుకోగలిగింది. ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య తేడా స్వభావంలో ఉందని నేను రాశాను. అది చట్టంలో ఉంది.

యూనివర్సిటీ తలుపులు ఇంకా తెరుచుకోలేదు. సిసిలియె తూరెసెన్ అనే అమ్మాయి పట్టుబట్టాక 1882లో చట్టం మార్చి స్త్రీలని ప్రవేశ పరీక్షకి అనుమతించారు. డిగ్రీలన్నీ అందుబాటులోకి వచ్చింది 1884లో. అంటే నోరా వెళ్ళిపోయే నాటికి పై చదువు లేదు. కానీ ఏమీ లేదా? ఉంది. నాటకానికి నాలుగేళ్ళ ముందు, 1875లో, క్రిస్టియానియా నగరంలో స్త్రీల కోసం ఒక పారిశ్రామిక పాఠశాల మొదలైంది. 1925లో క్రిస్టియానియా పేరు ఓస్లోగా మారింది. ఆ పాఠశాలలో నేర్పింది కుట్టుపని, చేతిపనులు. చేత్తో చేసే పనికి ఒక పద్ధతీ, ఒక సర్టిఫికెట్టూ, దానివల్ల ఒక సంపాదనా. తర్వాత తర్వాత అది చేతిపనుల టీచర్లని తయారుచేసే శిక్షణ సంస్థ అయింది. ఆ బడి ఇవాళ విడిగా లేదు. ఓస్లో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ అనే పెద్ద సంస్థలో ఒక పాయగా కలిసిపోయింది.

ఈ వ్యాసం ఆ సంస్థ గురించే. దాని చరిత్ర వెతుక్కుంటూ వెళ్తే మా పెద్దమ్మ ప్రశ్నకి జవాబు దొరికింది.

ఇబ్సెన్ మీద ఒక సెమినార్ కోసం ఓస్లో వెళ్ళినప్పుడు, అందరూ ఇబ్సెన్ నివసించిన ఇల్లు చూడటానికి బయల్దేరితే నేను ఒక పూట పిలెస్త్రేదె వీధికి వెళ్ళాను. అక్కడ ఒకప్పుడు ఫ్రూడెన్‌లుండ్ అనే బీరు తయారీ కర్మాగారం ఉండేది. ఆ ఎర్ర ఇటుకల భవనాల్లో ఇప్పుడు తరగతి గదులున్నాయి. బీరు కాచిన చోట నర్సులు, టీచర్లు, సోషల్ వర్కర్లు, లైబ్రేరియన్లు తయారవుతున్నారు. భవనాలకి పెట్టిన పేర్లు చూసి ఆగిపోయాను. ఆండ్రియా ఆర్న్‌ట్‌సెన్ భవనం, ఆమె ఒక నర్సు. ఎలెన్ గ్లెడిచ్ భవనం, ఆమె మేరీ క్యూరీతో కలిసి పనిచేసిన రేడియో రసాయన శాస్త్రవేత్త, 1929లో ఓస్లో యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన రెండో స్త్రీ. క్లారా హోల్స్ట్ భవనం, ఆమె 1903లో డాక్టరేట్ తీసుకున్న మొట్టమొదటి నార్వే స్త్రీ. ఆమెది భాషాశాస్త్రం.

క్లారా హోల్స్ట్ పేరు ముందు నేను కాసేపు నిలబడ్డాను. ఆ డాక్టరేట్ చేతిలో పెట్టుకుని ఆమె కొన్నాళ్ళు అమెరికా కాలేజీల్లో పాఠాలు చెప్పింది. 1908లో వెనక్కి వచ్చేసి, ఆ తర్వాత విద్యారంగంలో మళ్ళీ కనిపించలేదు. ఒక నర్సు పేరూ ఒక డాక్టరు పేరూ ఒకే వీధిలో రెండు గోడల మీద సమానంగా రాసి ఉన్నాయి. మా డిపార్ట్‌మెంట్ వరండాలో బెంచీ గుర్తొచ్చింది.

ఈ సంస్థకి ఒక్క పుట్టుక లేదు. అది చాలా నీళ్ళు కలిసిన చెరువు. ఆ పాయల్లో చాలావరకు స్త్రీలు తవ్వుకున్నవే. కొన్నింటి గురించి చెప్తాను.

కుట్టుపని బడి ఒకటి. రెండోది వంటింటి బడి. 1909లో ఓస్లో పక్కన స్టాబెక్ అనే చోట గృహ విజ్ఞానం బోధించే ఉపాధ్యాయినుల కోసం ప్రభుత్వ శిక్షణ పాఠశాల మొదలైంది. వంట, శుభ్రత, ఆహారం, ఇంటి లెక్కలు. ఇది వింటే మనలో చాలామందికి చిరాకు వేస్తుంది. ఆడవాళ్ళని వంటింట్లోనే ఉంచడానికి దానికొక డిప్లొమా కూడానా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఇంకో వైపు నుంచి చూడండి. ఇంట్లో చేస్తే పనిగా లెక్కలోకి రానిదాన్ని, అక్కడ చదివినవాళ్ళు బడిలో జీతం తీసుకుని చెప్పారు. అమ్మ దగ్గర చూసి నేర్చుకోవాల్సిన 'సహజ గుణం' కాదు, నేర్పితే వచ్చే విద్య అని తేల్చారు. అలా ఒకసారి తేలాక, దాన్ని అబ్బాయిలకి కూడా నేర్పవచ్చు. ఇవాళ నార్వే బడుల్లో 'ఆహారం, ఆరోగ్యం' అనే సబ్జెక్టు ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదవాల్సిందే. స్త్రీల పనిని విద్యగా మార్చడం స్త్రీలని బంధించే దారీ కావచ్చు, విడిపించే దారీ కావచ్చు. ఆ విద్య ఎవరి చేతిలో ఉందన్నది చూడాలి.

మూడో పాయ నర్సింగ్. నార్వేలో శిక్షణ పొందిన మొదటి నర్సు కతింకా గుల్‌బెర్గ్. జర్మనీలో కైజర్స్‌వెర్త్ అనే చోట ఉన్న క్రైస్తవ సేవిక ఆశ్రమంలో చదువుకుని వచ్చి, 1868లో క్రిస్టియానియాలో అలాంటి సంస్థనే ప్రారంభించింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా కొన్ని నెలలు గడిపిన చోటే ఆ కైజర్స్‌వెర్త్. గుల్‌బెర్గ్ పెట్టిన సంస్థలో పాఠాలు చెప్పిన రిక్కె నిస్సెన్ 1877లో నార్వే భాషలో మొదటి నర్సింగ్ పాఠ్యపుస్తకం రాసింది. అంటే నోరా రంగస్థలం మీదికి రావడానికి రెండేళ్ళ ముందు అదే దేశంలో ఒక స్త్రీ, రోగి పక్కన కూర్చోవడం ఎలాగో పుస్తకంగా రాసింది. సాహిత్య చరిత్రలో ఆ పుస్తకం లేదు. నాలాంటివాళ్ళు రాసిన సాహిత్య చరిత్రలో ఎందుకుంటుంది?

ఆ సేవికలకి జీతం లేదు. తిండి, బట్ట, జబ్బు చేస్తే వైద్యం, ముసలితనంలో నీడ, ఇవి ఉండేవి. పెళ్ళి చేసుకుంటే బయటికి వెళ్ళాల్సిందే. ఇల్లు వదిలిన స్త్రీకి ఇంకో ఇల్లు దొరికింది కానీ అది కూడా ఇల్లే. అక్కడి నుంచి మరో అడుగు వేసింది బెర్గ్‌ల్యోట్ లార్సన్. 1912 సెప్టెంబరులో ఆమె చొరవతో నార్వే నర్సుల సంఘం ఏర్పడింది. వాళ్ళ ముఖ్యమైన కోరిక మూడేళ్ళ శిక్షణ, దానికి ప్రభుత్వ గుర్తింపు. ఆ గుర్తింపు చట్టంగా రావడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. స్త్రీలకి ఓటు హక్కు 1913లోనే వచ్చిన దేశంలో, శిక్షణ పొందిన నర్సుకీ పొందనివాళ్ళకీ తేడా ఉందని చట్టం ఒప్పుకోవడానికి ఇంకో 35 ఏళ్ళు పట్టింది. ఓటు ఇవ్వడం కంటే, స్త్రీలు చేసే పనిలో జ్ఞానం ఉందని ఒప్పుకోవడం కష్టమైన విషయమన్నమాట.

ఆ రోజుల్లో నర్సింగ్ విద్యార్థిని అంటే ఆస్పత్రికి చవకగా దొరికే పనిమనిషి కూడా. హాస్టల్లోనే ఉండాలి, వార్డులు తుడవాలి, రాత్రి డ్యూటీలు చేయాలి, మధ్యలో పాఠాలు. ఈ సంగతి చెప్తే మా పెద్దమ్మ "అక్కడా అంతేనా!" అని చాలాసేపు నవ్వింది. ఆమె ట్రైనింగ్‌లో మొదటి ఆరు నెలలు బెడ్‌పాన్లు కడగడంతోనే సరిపోయిందట.

నాలుగో పాయ సోషల్ వర్క్. 1920లో నార్వే మహిళా సంఘాల జాతీయ మండలి ఒక సాంఘిక సేవా కోర్సు మొదలుపెట్టింది. పేదలకి సాయం చేయడం దయగల ఇల్లాళ్ళ తీరిక పని కాదు, నేర్చుకుని చేయాల్సిన పని అని వాళ్ళ వాదన. ఐదోది లైబ్రరీ. 1940లో, జర్మనీ ఆక్రమణలోకి దేశం వెళ్ళిన ఏడాదే, ఓస్లోలో ప్రభుత్వ లైబ్రరీ పాఠశాల మొదలైంది. ఇంకా ప్రీస్కూలు టీచర్ల శిక్షణ, ఫిజియోథెరపీ, జర్నలిజం, ఇంజనీరింగ్, ఒక్కోదానికి ఒక్కో చరిత్ర.

ఈ చిన్న చిన్న బడులన్నీ 1994 దాకా విడివిడిగానే ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టులో నార్వే ప్రభుత్వం దేశమంతటా ఉన్న 98 వృత్తి, ప్రాంతీయ కాలేజీలని 26 ప్రభుత్వ కాలేజీలుగా కలిపేసింది. ఓస్లోలో 18 సంస్థలు కలిసి ఓస్లో కాలేజీ అయ్యాయి. పక్క జిల్లాలో స్టాబెక్ గృహ విజ్ఞాన పాఠశాల ఆకెర్షుస్ కాలేజీలో కలిసింది. నార్వే భాషలో వీటిని హోగ్‌స్కూలె అంటారు, ఉన్నత పాఠశాల అని అర్థం. యూనివర్సిటీ కాదు, మామూలు కాలేజీ కూడా కాదు. వృత్తి చదువు చెప్పాలి, దానికి తోడు పరిశోధన కూడా చేయాలి. 2003లో డిగ్రీలన్నీ బ్యాచిలర్, మాస్టర్ పద్ధతికి మారాయి. 2011లో ఓస్లో, ఆకెర్షుస్ కాలేజీలు ఒకటయ్యాయి. కనీసం నాలుగు డాక్టరేట్ కోర్సులుంటే ఒక కాలేజీ యూనివర్సిటీ హోదా అడగవచ్చన్నది అప్పటి నిబంధన. 2018 జనవరిలో ఆ హోదా వచ్చింది. ఓస్లోమెట్ అని పేరు పెట్టారు. పేరులో ఇంగ్లీషు వాసన ఉందని నార్వే భాషా మండలి అభ్యంతరం చెప్పింది. ఇప్పుడు అక్కడ 20 వేలకి పైగా విద్యార్థులున్నారు.

కుట్టుపని బడి 1875లో మొదలై 2018లో యూనివర్సిటీ అయింది. 143 ఏళ్ళు. దీన్ని విజయగాథగా చెప్పి ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ ఆపలేను. ఈ మెట్లు ఎక్కడంలో ఒక చిక్కు ఉంది.

1969లో అమితాయ్ ఎట్జియోని అనే సమాజ శాస్త్రవేత్త అమెరికాలో ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించాడు. టీచర్లు, నర్సులు, సోషల్ వర్కర్లు పూర్తి వృత్తి నిపుణులు కాదనీ, వీళ్ళవి 'అర్ధవృత్తులు' అనీ దాని సారాంశం. డాక్టరుది, లాయరుది వృత్తి. నర్సుది, టీచరుది సగం వృత్తి. వీళ్ళ శిక్షణ తక్కువ, స్వతంత్ర జ్ఞానం తక్కువ, పై అధికారుల మాట వినాలి అని కారణాలు చెప్పారు. అదే పుస్తకంలో ఒక వ్యాసం, ఈ పనుల్లో ఆడవాళ్ళు ఎక్కువగా ఉండటం కూడా ఆ స్వతంత్రత లేకపోవడానికి ఒక కారణమని వాదించింది. ఆడవాళ్ళు చేస్తారు కాబట్టి అది సగం వృత్తి. సగం వృత్తి కాబట్టి సగం జీతం. ఇంతకంటే తేలికైన తర్కం ఏముంది?

దీనికి గట్టి జవాబు నార్వే స్త్రీల దగ్గర్నుంచే వచ్చింది. బెర్గెన్ నగరంలో ఇద్దరు కారిలు. కారి వార్నెస్ సమాజ శాస్త్రవేత్త. కారి మార్టిన్సెన్ నర్సుగా పనిచేసి, తర్వాత తత్వశాస్త్రం చదివింది. 1979లో, నోరా తలుపు వేసిన సరిగ్గా వందేళ్ళకి, ఇద్దరూ కలిసి ఒక పుస్తకం రాశారు. సంరక్షణ లేని శుశ్రూషా? అని దాని పేరు అడుగుతుంది. ఆస్పత్రులు సాంకేతికంగా ఎదుగుతుంటే నర్సింగ్ కూడా ఆ దారే పట్టి, తన మూలాన్ని వదులుకుంటోందా అని వాళ్ళ ప్రశ్న. వార్నెస్ తర్వాత ఈ ఆలోచనని ఇంకా ముందుకి తీసుకెళ్ళింది. సంరక్షణకి దాని సొంత హేతువు ఉందని చెప్పింది. రోగి ముఖం చూసి ఇవాళ ఏదో తేడాగా ఉందని పసిగట్టడం అంతర్వాణి కాదు, తల్లి మనసు కాదు. అనుభవం మీద, ఆ మనిషిని ఎరిగి ఉండటం మీద నిలిచే ఆలోచన. అది కొలతల్లోకి రాదు కాబట్టి జ్ఞానం కాకుండా పోదు.

వార్నెస్ చేసిన ఇంకో విభజన నాకు మరీ ఇష్టం. తమ పని తాము చేసుకోలేని వాళ్ళకి, అంటే పసిపిల్లలకి, రోగులకి, ముసలివాళ్ళకి, చేసేది సంరక్షణ. చేసుకోగలిగి కూడా చేసుకోని పెద్దవాళ్ళకి, ముఖ్యంగా భర్తలకి, చేసేది వ్యక్తిగత సేవ. రెండింటినీ 'ప్రేమ' అనే ఒకే మాటలో కలిపేయడం వల్ల స్త్రీలు మోసపోతున్నారు. ఇది చదివాక నాటకం నాకు కొత్తగా కనిపించింది. నోరా భర్తకి చేసింది చాలావరకు వ్యక్తిగత సేవ. లిండే మంచంలో ఉన్న తల్లికి చేసింది సంరక్షణ. నోరా వదిలి వెళ్ళింది సేవని. లిండే వెతుక్కుంటూ వచ్చింది తన పనికి జీతాన్ని. ఒకరిది తిరుగుబాటు, ఇంకొకరిది సర్దుబాటు అని నేను థీసిస్‌లో రాసినది తప్పు.

ఓస్లో కాలేజీలో 1999లో వృత్తుల అధ్యయన కేంద్రం అని ఒకటి మొదలైంది. నర్సు, టీచరు, సోషల్ వర్కరు దగ్గరున్న జ్ఞానం ఎలాంటిది, దాన్ని ఎలా నేర్చుకుంటారు, ఎవరి మాట చెల్లుతుంది అన్నవి అక్కడి పరిశోధన విషయాలు. 'అర్ధవృత్తులు' అని పేరు పెట్టించుకున్నవాళ్ళు నడిచే వరండాల్లోనే, అసలు వృత్తి అంటే ఏమిటి అని అడిగే కేంద్రం పెట్టుకున్నారు. తమని కొలిచిన కొలబద్దని తీసుకుని దాన్నే కొలిచారు. ఒక వృత్తి కాలేజీలో పరిశోధన ఎందుకు అని అడిగేవాళ్ళకి ఇంతకంటే మంచి సమాధానం నాకు తెలియదు.

అయినా చిక్కు పోలేదు. బడి కాలేజీ అయి, కాలేజీ యూనివర్సిటీ అయ్యే క్రమంలో గౌరవం ఎటు వెళ్తుంది? పాఠం చెప్పే నర్సుకి డాక్టరేట్ కావాలి. డాక్టరేట్ ఉన్నవాళ్ళకి వ్యాసాలు కావాలి. వ్యాసాలు రాసేవాళ్ళకి వార్డులో నిలబడే తీరిక ఉండదు. యూరప్ నిబంధనల ప్రకారం నర్సింగ్ చదువు కనీసం 4,600 గంటలు, అందులో సగమైనా రోగుల దగ్గర ప్రత్యక్ష శిక్షణ ఉండాలి. నార్వే కూడా ఆ నిబంధన పాటిస్తుంది. ఆ సగాన్ని కాపాడుకోవడం ముఖ్యం. లేకపోతే నర్సు చేసే పనికి గౌరవం తేవాలని మొదలుపెట్టి, నర్సు పని చేయనివాళ్ళకి గౌరవం తెచ్చినట్టు అవుతుంది.

అక్కడ అంతా బాగుందనీ కాదు. ఇవాళ్టికీ నార్వేలో నర్సుల్లో పదిమందికి తొమ్మిదిమంది దాకా స్త్రీలే. చదువు స్థాయి పెరిగింది కానీ, అది ఆడవాళ్ళ పని అన్న మాట మారలేదు. ఇక ఆనె-మారీ? ఆమె కూడా ఎక్కడికీ వెళ్ళలేదు. చాలా ఏళ్ళు నార్వే కుటుంబాలు ఓపేర్ పద్ధతి కింద విదేశాల నుంచి, ఎక్కువగా ఫిలిప్పీన్స్ నుంచి, యువతుల్ని తెచ్చుకుని పిల్లల్ని చూసుకోవడానికి పెట్టుకున్నాయి. సాంస్కృతిక మార్పిడి అని పేరు, జరిగింది చవక చాకిరీ అని విమర్శలు వచ్చి, 2024లో ప్రభుత్వం ఆ పద్ధతిని ఎత్తేసింది. ఒక స్త్రీ ఉద్యోగానికి వెళ్ళడానికి ఇంకో దేశపు స్త్రీ తన పిల్లల్ని వదిలి రావడం. 1879 నాటకంలో రెండు ఉత్తరాల్లో ఉన్న కథ ఇది. లిండేకి బడి దొరికింది. ఆనె-మారీకి ఇంకా దొరకలేదు.

మన దగ్గర ఆ రోజుల్లో ఏం జరుగుతోందని కూడా ఆలోచించాను. నోరా తలుపు వేసిన రెండేళ్ళకి, 1881 డిసెంబరులో, రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. భర్త పోయిన స్త్రీకి మన సంస్కరణ ఇచ్చిన మొదటి జవాబు ఇంకో భర్త. దాని విలువ తక్కువ కాదు, ఆ రోజుల్లో దానికెంత ధైర్యం కావాలో మనకి తెలుసు. నిజానికి లిండే కూడా చివరికి పాత ప్రేమికుడి దగ్గరికే చేరుతుంది. కానీ ఆమె ముందు ఉద్యోగం అడిగింది. ఉద్యోగం దొరికాకే ఆ మనిషితో మాట్లాడింది. ఈ వరసని నేను ఇన్నేళ్ళూ గమనించలేదు.

ఓస్లో నుంచి వచ్చాక పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె రిటైరై చాలా ఏళ్ళయింది. నువ్వడిగిన దానికి జవాబు దొరికింది అన్నాను. ఏ ప్రశ్న అంది. ఆమెకి గుర్తు లేదు. నోరా మర్నాడు ఏం చేసిందో నాటకంలో లేదు గానీ, ఆ ఊళ్ళో లేకపోయినా ఆ దేశ రాజధానిలో ఆమెలాంటి వాళ్ళకి ఒక బడి అప్పటికే ఉంది, కుట్టుపని నేర్పేవాళ్ళు, ఇప్పుడది యూనివర్సిటీలో కలిసింది, దాని భవనాల్లో ఒకదానికి నర్సు పేరు పెట్టారు అని చెప్పాను. ఫోనులో ఫొటో చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని చూసింది.

"పైన రాసింది ఆవిడ పేరేనా?" అంది.

అవునన్నాను.

"డాక్టరు పేరు కాదూ?"

కాదన్నాను. ఆమె ఫోను చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

ఆ సాయంత్రం నేను నోట్‌బుక్ తీశాను. ట్రైనింగ్ మొదటి రోజు నుంచి చెప్పమన్నాను. ఇవన్నీ ఎందుకే అంది, కానీ చెప్పింది. మొదటి చావు చూసిన రాత్రి. సెలైన్ బాటిల్ గాజుదై ఉన్న రోజులు, సిరంజీలు మరగబెట్టుకున్న రోజులు. పసిబిడ్డ ఏడుపులో ఆకలి ఏదో నొప్పి ఏదో వార్డు అవతల నుంచే ఎలా తెలిసేదో. డాక్టరుకి ఎదురు చెప్పకుండానే ఆయన రాసిన డోసు తప్పని ఆయనకి ఎలా తెలియజేసేదో. ఇంట్లోవాళ్ళు పెళ్ళికార్డుల మీద తన పేరు వేయకపోవడం. అది చెప్తున్నప్పుడు నా వైపు చూడలేదు. మధ్యవర్తి మాట తను కూడా విన్నానని మాత్రం చెప్పింది. ఆ రోజు నేను పక్కగదిలో ఉన్నానని, ఊరుకున్నానని నేను చెప్పాను. "తెలుసు" అంది.

ఇప్పటికి మూడు నోట్‌బుక్‌లు నిండాయి. దీన్ని ఏ విభాగంలో పెట్టాలో, సాహిత్యమో, చరిత్రో, వృత్తుల అధ్యయనమో నాకు తెలియదు. ఇదివరకైతే ఆ సందేహంతోనే పక్కన పెట్టేసేదాన్ని. ఇప్పుడు రాస్తూ ఉన్నాను. మన ఇళ్ళల్లో నర్సులుగా, టీచర్లుగా, ఆయాలుగా, అంగన్‌వాడీ కార్యకర్తలుగా పనిచేసి మనల్ని ఇక్కడి దాకా చదివించిన స్త్రీల దగ్గర మీరు కూడా ఒక సాయంత్రం కూర్చోండి. వాళ్ళు చెప్పేది మన పరిశోధనకి ముడిసరుకు అనుకోకండి. వాళ్ళకి తెలిసింది మనకి తెలియదు, అందుకు కూర్చోండి.

వచ్చేవారం పెద్దమ్మని మా డిపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్తున్నాను. ఎంఏ విద్యార్థులతో మాట్లాడటానికి ఒప్పుకుంది. ఈసారి వరండాలో బెంచీ మీద నేను కూర్చుంటానన్నాను. "నువ్వూ లోపలికి రావే, విని నేర్చుకో" అంది.